గోడవతల ఓపీ

1981 జూలైలో నన్ను అడవి అంచున ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆయాగా వేశారు. అంతకు ముందు ఏడాది దాకా అక్కడే వాచ్‌మన్‌గా పనిచేసిన నా భర్త కామెర్లతో పోయాడు. ఆయన పోయిన దానికి నాకు ఈ ఉద్యోగం ఇచ్చారు. ఊరి పేరు చెప్పను, ఆ దవాఖాన ఇప్పటికీ ఉంది. ఏన్కూరు దాటాక బస్సు దిగితే ఒక పక్క పత్తి చేలు, ఇంకో పక్క అడవి, మధ్యలో పెంకుల కప్పుతో అది. నాకు సంతకం పెట్టడం, బస్సు బోర్డు చదవడం వచ్చు, అంతకు మించి రాదు. ఇదంతా నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నేను తిట్టిన చోట మాత్రం సగమే రాస్తోంది.

దవాఖానలో అందరికంటే పైన డాక్టరు సారు. ఆయన కింద కాంపౌండరు యాదగిరి, ఆయన తర్వాత నర్సమ్మ. అందరికంటే కింద నేను. నా కింద చీపురు.

పొద్దున తలుపులు తీసి, గాజు సిరంజీలూ సూదులూ స్టవ్వు మీద ఉడకబెట్టడం నా మొదటి పని. ఆ తర్వాత ఓపీ. ఓపీ అంటే మంచం ఎక్కకుండా చూపించుకుని పోయే రోగులు. వాళ్ళలో ప్రతి ఒక్కరికీ చీటీ రాయాలి, అదే సంగతి పెద్ద రిజిస్టర్లో ఎక్కించాలి: పేరు, వయసు, ఊరు, జబ్బు. రాసేవాడు యాదగిరి. వరుసలో నిలబడ్డవాళ్ళను అడిగి ఆయనకు వినబడేలా అరిచేదాన్ని నేను. అది నా డ్యూటీ కాదు, కానీ నా గొంతు అంత దూరం పోతుంది. రిజిస్టర్లో జబ్బు గడి రెండు వేళ్ళ వెడల్పు ఉండేది. అందులో ఒక మాట పడుతుంది. రెండో మాట చెబితే యాదగిరి నన్ను పైనుంచి కిందికి చూసేవాడు.

మంగళవారం ఊళ్ళో అంగడి, మా దగ్గర గుంటూరోళ్ళ వారం. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొని పత్తి, మిరప వేసిన రైతులందరినీ మా ఊళ్ళో గుంటూరోళ్ళనే పిలిచేవారు, ఏ జిల్లా అని ఎవరూ అడగలేదు. వాళ్ళు ఊళ్ళో ఉండరు. ఎద్దులూ పంటా కళ్ళ ముందుండాలని ఎవరి చేలో వాళ్ళు ఇల్లు వేసుకున్నారు. మగవాళ్ళకు పొద్దున చేను, సాయంత్రం కొట్టు దగ్గర కబుర్లు. ఆడవాళ్ళకు నాలుగు వైపులా పత్తి. చేలకు అడ్డంపడి ఇంకొకరి ఇంటికి వెళ్ళొస్తానంటే, ఏం పని అని అడిగే మొగుళ్ళు, ఆసుపత్రికి అంటే మాత్రం బండి కట్టేవారు. అందుకని అంగడి నాడు మగవాళ్ళు అంగడికి పోతే, పది పన్నెండు మంది ఆడవాళ్ళు ఖాళీ సీసాలు పట్టుకుని మా వరండాలో దిగేవారు. మిక్చరు కావాలంటే సీసా ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.

ఏం రోగమమ్మా అని అడిగితే ఒకామె, గుండెల మీద ఎవరో తిరగలి పెట్టినట్టుందనేది. ఒకామె, అన్నం ముందు కూర్చుంటే ఏడుపొస్తుందనేది. ఇంకొకామె, పొద్దున్నే లేచాక ఎందుకు లేచానా అనిపిస్తుందనేది. వెనక వరుస పెరిగిపోయేది, పిల్లలు ఏడ్చేవాళ్ళు.

"ఏందో ఒకటి చెప్పు మరియమ్మా, నా పెన్ను ఎండుతుంది" అనేవాడు యాదగిరి.

"తలనొప్పి రాయి" అనేదాన్ని నేను.

తలనొప్పి రెండు వేళ్ళ గడిలో చక్కగా పట్టేది. ఆయన ఎర్ర మిక్చరు పోసేవాడు. వాళ్ళు మగవాళ్ళు అంగడి నుంచి వచ్చేదాకా వరండాలో కూర్చుని, తెచ్చుకున్న పచ్చళ్ళు పంచుకుని, ఒకరి తల ఒకరు దువ్వుకుని, పోయేటప్పుడు నవ్వుకుంటూ బండెక్కేవారు. మిక్చరు మంచిదే అనుకునేదాన్ని.

నవ్వనిది ఒక్క రత్తమ్మ. ముప్పై దాటని మనిషి, స్తంభానికి ఆనుకుని కూర్చునేది. పక్క చేను అనసూయ ఆమెను చెయ్యి పట్టుకుని తెచ్చేది, చెయ్యి పట్టుకుని తీసుకుపోయేది. ఏమడిగినా నోరు విప్పేది కాదు. రత్తమ్మ భర్త వెంకటేశ్వర్లూ అనసూయ భర్తా వరసకు అన్నదమ్ములు. వెంకటేశ్వర్లు మంచివాడే, బాగా భయపడ్డ మంచివాడు. ఒకనాడు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు: "ఆమె గోడతో మాట్లాడుతోందమ్మా. చెంబు పెట్టి మూడుసార్లు కొడుతుంది. వదినా అంటుంది. చెవి ఆనించి ఉంటుంది. తర్వాత అన్నం పక్కన పెట్టేస్తుంది."

దయ్యమనుకుని కోయగూడెం నుంచి ముసలి వెజ్జును పిలిపించాడట. వెజ్జు అంటే వాళ్ళకు మందూ మంత్రమూ రెండూ చూసేవాడు. ఆయన వచ్చి, రత్తమ్మ గోడ కొట్టడం చూసి, ఆ మాటలు విని, బలికని ఇచ్చిన కోడిని కూడా వెనక్కి ఇచ్చేశాడు.

"మా దయ్యం కాదిది" అన్నాడట. "మా అడవి దయ్యాలకు తెలుగు రాదు. ఇది మీతోని బస్సుల వచ్చింది. సర్కారు దవాఖానల చూపిచ్చుకో."

ఆ ముసలాయన మాట మీదే అనసూయ ఆమెను మా వరండాకు తేవడం మొదలుపెట్టింది. నేనేమో ఆమెకూ తలనొప్పే రాయించాను.

ఆ యేడే వచ్చిన డాక్టరు సారు పట్నం మనిషి, ముప్పై ఏళ్ళు లేవు, పెళ్ళి కాలేదు. నెలాఖరు రిపోర్టు కోసం రిజిస్టరు తిరగేస్తుంటే ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. తలనొప్పి అంతా గుంటూరోళ్ళకే. అందులోనూ ఆడవాళ్ళకే. అందులోనూ మంగళవారమే. ఊళ్ళోవాళ్ళకు ఒక్కరికీ లేదు. బావుల్లో పురుగుమందు కలిసిందేమోనని ఆయన రాత్రంతా లెక్కలు వేసి పై ఆఫీసుకు ఉత్తరం రాశాడు.

రెండు వారాలకు జీపు వచ్చింది. జిల్లా నుంచి పెద్ద సారు, ఆయన వెంట నీళ్ళ సీసాలు మోసేవాళ్ళు, బ్లీచింగ్ పౌడరు బస్తా. నీళ్ళు పరీక్షకు పోయాయి, పౌడరు బావుల్లోకి పోయింది. వేసినవాడు కొలత చూడలేదో, చూసి మరిచిపోయాడో, మూడు రోజులు ఆ చేలల్లో చెంబెత్తితే ముక్కు మండింది. మూడో నాటికి మగవాళ్ళంతా మా వరండాలో వరుసకట్టారు. ఆ రోజు రిజిస్టర్లో రాసిన తలనొప్పులు మాత్రం నిజమైనవి.

తర్వాత మంగళవారం పెద్ద సారు మళ్ళీ వచ్చి కుర్చీ వేయించుకుని ఆడవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచాడు. తలనొప్పి ఎన్నాళ్ళ నుంచి అని మొదటామెను అడిగాడు.

"తలనొప్పా? నాకా?" అందామె. "ఎవరన్నారండీ?"

రెండో ఆమె అదే అంది. మూడో ఆమె తన జబ్బు తిరగలి దగ్గర మొదలుపెట్టి తిరగలి దగ్గరే ఆపింది. పెద్ద సారు డాక్టరును చూశాడు, డాక్టరు యాదగిరిని చూశాడు. యాదగిరి పెన్నుతో నన్ను చూపించాడు. నేను బకెట్టు వెనకాల ఉన్నాను, కానీ బకెట్టు చిన్నది.

ఎందుకిలా చెప్పావని పెద్ద సారు అడిగితే నాకు అబద్ధం తట్టలేదు.

"గడి చిన్నగున్నది సారూ" అన్నాను.

ఆయన రిజిస్టరు తెప్పించి ఆ గడి మీద రెండు వేళ్ళు ఆనించి చూశాడు. నిజమే అన్నాడు. తర్వాత నన్ను కాదు, డాక్టరునే తిట్టాడు. రోగి నోటితో చెప్పింది చెప్పినట్టే రాయాలి, చాలకపోతే పక్కన కాగితం అంటించాలి, రాసింది చదవాలి అని ఆర్డరు వేసి, అనసూయ ఇచ్చిన గోంగూర పచ్చడి జాడీ ఒళ్ళో పెట్టుకుని జీపెక్కాడు.

అప్పటి నుంచి నేను ఉన్నది ఉన్నట్టు అరిచాను, యాదగిరి కాగితాలు అంటించాడు. రిజిస్టరు చూలాలి పొట్టలా ఉబ్బింది. డాక్టరు సారు ఒక పూట కూర్చుని అదంతా చదివాడు. ఈ జబ్బులకు తన ఇండెంటులో మందు లేదన్నాడు. ఇండెంటంటే పై నుంచి తెప్పించుకునే మందుల జాబితా.

తిట్లు తిన్న మనిషి కనీసం ఒక్క పనైనా పుస్తకంలో ఉన్నట్టు చేయాలనుకుంటాడు. రత్తమ్మ కాగితం మీద ఆమె మాట ఒక్కటీ లేదు, అన్నీ భర్త చెప్పినవే: మనిషితో మాట్లాడదు, గోడతో మాట్లాడుతుంది, అన్నం మానేసింది. డాక్టరు పట్నంలోని పిచ్చాసుపత్రికి ఇంగ్లీషులో ఉత్తరం రాశాడు. శుక్రవారం టీకా మందులు తెచ్చే జీపు తిరిగి పోయేటప్పుడు ఆమెను ఖమ్మం దాకా దించుతుంది, అక్కడి నుంచి రైలు. అప్పటిదాకా కనిపెట్టి చూడటానికి బుధవారం ఆమెను ఆడవాళ్ళ వార్డులో చేర్చుకున్నారు. వెంకటేశ్వర్లు సంతకం పెట్టేటప్పుడు కాగితం తడిసింది, యాదగిరి రెండోది రాశాడు.

అనసూయ నా కొంగు పట్టుకుంది. "అక్కడికెళ్ళొచ్చిన ఆడదాన్ని మళ్ళీ కాపురానికి రానిస్తారా మరియమ్మ గారూ? వాళ్ళాయన రానిచ్చినా అత్త రానివ్వదు" అంది. ఆ ఉత్తరం ఆపడానికి నేనెంత, చీపురు మనిషిని.

మా వార్డుకూ కాన్పుల గదికీ మధ్య ఒకటే గోడ. అది కప్పు దాకా ఉండదు, పైన జానెడు సందు. గురువారం పొద్దున కాన్పు అయిపోయాక తల్లినీ బిడ్డనూ బాలింతల గదికి పంపి, నేను ఆ గది కడుగుతున్నాను. నాకు ఒళ్ళంతా నొప్పులు, మనసు ఎక్కడో ఉంది. గోడ మీద గ్లాసుతో మూడు దెబ్బలు వినబడ్డాయి.

"వదినా, పొయ్యి వెలిగించావా?"

నేను ఆలోచించలేదు. చేతిలో చిక్కుడుగింజ ఆకారం కిడ్నీ ట్రే ఉంది. దానితో మూడు దెబ్బలు కొట్టాను.

"ఎలిగిచ్చిన. నీదేంది ఇయ్యాల కూర?"

అటు పక్క గ్లాసు నేల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత, "వంకాయ. నూనె తక్కువుంది."

"వంకాయకు నూనె తక్కువైతే మొగుడు మొఖం మాడ్చుకోడా?"

"ఆయన మొహం ఎప్పుడూ అంతేగా" అని రత్తమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. సగం నవ్వులో నాకు అర్థమైంది, మూడు నెలలుగా నోరు విప్పని మనిషి నవ్విందని. ట్రే కింద పడేశాను. అవతల నుంచి, "గిన్నె జారిందా వదినా?" అని అడిగింది.

ఆ తర్వాత ఆపితే ఒట్టు. కోస్తాలో వాళ్ళ ఊళ్ళో ఇళ్ళన్నీ వరుసగా ఉంటాయట, రెండిళ్ళకు ఒకటే గోడ. పెళ్ళయి వచ్చిన రోజు నుంచి ఆమె పొద్దున గోడ కొడితే అవతల వరసకు వదినయ్యే ఆమె పలికేది. మామగారి ముందు, కొత్తవాళ్ళ ముందు ఆడవాళ్ళు నోరెత్తరు. చెప్పుకునేదేదైనా గోడకు ఇటూ అటూ చెప్పుకుంటారు. పంచుకోవాల్సిన పిండి పైన సందులోంచి పంచుకుంటారు.

డాక్టరు సారు క్వార్టరు మా వెనకాలే. నవ్వులు విని వరండాలోకి వచ్చాడు. లుంగీ మీద, సగం గడ్డానికి నురగతో. నేను నోటి మీద వేలు పెట్టి లోపలికి పిలిచాను. ఆయన విని, నిద్ర సంగతి అడగమని సైగ చేశాడు. అడిగాను, చెప్పింది. ఆకలి సంగతి అడగమన్నాడు. అడిగాను, చెప్పింది. ఆయనకు ఓపిక తక్కువ. గోడకు దగ్గరగా జరిగి, "ఎన్ని రోజుల నుంచి?" అని తనే అనేశాడు.

అటు పక్క మాట ఆగిపోయింది. శుక్రవారం ఒక్క రోజు దూరంలో ఉంది.

కాసేపటికి రత్తమ్మ గొంతు తగ్గించి అంది: "వదినా, మీ ఇంటికి ఎవరో చుట్టాలొచ్చినట్టున్నారు."

"మా తమ్ముడు" అన్నాను. "పట్నంల సదువుకుంటుండు. జర మందుల సంగతి తెలుసు."

"అయితే అడగమను. గోడవతల నుంచేగా."

డాక్టరు సారు నా బకెట్టు బోర్లించుకుని కూర్చుని, నురగ ఎండిపోయేదాకా అడిగాడు. చివరికి అసలు ప్రశ్న అడిగాడు. ఉత్తరం నిలబడేదీ పడిపోయేదీ దాని మీదేనని తర్వాత నాకు చెప్పాడు. మీ ఇంట్లో గోడ కొట్టినప్పుడు అవతల నుంచి ఎవరైనా జవాబు చెబుతారా అని.

"గోడ ఎక్కడైనా మాట్లాడుద్దా తమ్ముడూ?" అంది రత్తమ్మ. "చదువెక్కువై నీకు గాని పిచ్చి పట్టిందా? అవతల పత్తి తప్ప ఎవరూ లేరని నాకు తెలీదా? తెలుసు గనకే అన్నం దిగట్లేదు."

డాక్టరు లేచి, మిగతా సగం గడ్డం గీసుకోవడానికి వెళ్ళాడు. శుక్రవారం జీపు ఖాళీగా పోయింది. ఆయన తనకు చదువు చెప్పిన పెద్ద డాక్టరుకు రాస్తే, నిద్రకు కొన్నాళ్ళు వాడమని మాత్రలు వచ్చాయి. అవి రత్తమ్మకు పనిచేశాయి. కానీ మాత్ర గోడ కొడితే పలకదు.

అనసూయ వాళ్ళు ఆ వేసవిలో కొత్త ఇల్లు కట్టబోతున్నారని మా సారుకు తెలిసింది. అన్నదమ్ములిద్దరినీ పిలిచి ఓపీ చీటీ మీద రాసి, ముద్ర కొట్టి ఇచ్చాడు: రత్తమ్మ ఇంటికీ అనసూయ ఇంటికీ మధ్య ఒకే గోడ ఉండవలెను. మగవాళ్ళు చీటీని అటూ ఇటూ తిప్పారు. వాస్తు ఒప్పుకోదని ఒకడు, గోడ మందెట్లా అవుతుందని ఒకడు. సారు ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టాడు. మందు గది నుంచి యాదగిరి తల బయట పెట్టాడు.

"ఒక గోడ ఇటుకలు మిగుల్తయి గదయ్యా."

ఇద్దరూ అక్కడికక్కడే ఒప్పుకున్నారు. ఆడవాళ్ళ మనసు వాళ్ళకు అర్థం కాలేదు, ఇటుకలు అర్థమయ్యాయి. పని అయింది, అది చాలు.

ఇల్లు లేచేదాకా రత్తమ్మ వారానికి రెండుసార్లు వార్డులో కూర్చునేది, నేను కాన్పుల గదిలో. అది చూసి మిగతా ఆడవాళ్ళూ గోడ పక్కకే వరుసకట్టారు. పెళ్ళికాని డాక్టరు మొహం చూసి చెప్పలేనివన్నీ గోడకు చెప్పారు. యాదగిరి దానికి గోడవతల ఓపీ అని పేరు పెట్టాడు. ఒకసారి నిజంగానే కాన్పు వచ్చింది. నొప్పులు పడుతున్న కోయపిల్ల మా మాటలు కొంత విని, "ఆ వంకాయ కథ జర బంద్ చెయ్యుండ్రి, నా పాణం పోతుంది" అని అరిచింది. బిడ్డ ఏడుపు వినబడేదాకా అటు పక్క ఎవరూ కిక్కురుమనలేదు.

గోడ కట్టాక రత్తమ్మకు అంతా నయమైపోయిందని చెప్పను. ముసురు పట్టిన నెలల్లో మళ్ళీ దిగాలుపడేది, మాత్రలకు వచ్చేది. ఒకసారి వెంకటేశ్వర్లు పరిగెత్తుకొచ్చాడు, మళ్ళీ మొదలైందన్నాడు. కోడి మీద తగువొచ్చి ఇద్దరాడవాళ్ళూ వారం రోజులుగా గోడ కొట్టుకోవడం లేదట. అన్నం తింటోందా అని సారు అడిగాడు.

"తింటోందండీ. అనసూయను తిడుతూ రెండు పూటలా తింటోంది."

ఇంటికి పొమ్మన్నాడు సారు.

మొదటి తప్పు నాదే. ఆ మంగళవారాలు వరుసలో వాళ్ళు చెప్పింది చెప్పినట్టు అరిచి ఉంటే బావుల్లో అంత పౌడరు పడేది కాదు, రత్తమ్మ ఆ ఉత్తరం దాకా పోయేది కాదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎవరు తిరగలి అన్నా తిరగలి అనే అరిచాను, ఎన్ని పెన్నులు ఎండినా. రోగి చెప్పింది మోయడం ఆయా పని. గడి వెడల్పు సంగతి సర్కారు చూసుకోవాలి.